కాపురపు వ్యాజ్యము – కచ్చేరి కాగితము

దంపతుల నడుమ వ్యాజ్యము ముగిసి, న్యాయాధీశుడు తీర్పు చదివి, ఉభయులును చెరియొక దారిని ఇల్లు చేరిన పిమ్మట, ఆ తీర్పు వ్రాసిన కాగితముతో తమకిక పని లేదని తలచువారే మనలో అధికులు. నిజమునకు దానితో పని పది పదునైదేండ్ల తరువాత గాని పడదు. పడిన నాడు అది యింట నుండదు. పునర్వివాహమునకు సంబంధము కుదిరి వరుని పెద్దలు విడాకుల డిక్రీ చూపుమన్నప్పుడును, పాస్‌పోర్టులో భర్త పేరు తొలగింపవలసి వచ్చినప్పుడును, గోదావరిఖనిలోనో మందమర్రిలోనో బొగ్గుగని కార్మికుడొకడు మరణింపగా అతని పింఛనుకై ఇద్దరు స్త్రీలు భార్యలమని ముందుకు వచ్చినప్పుడును, దుబాయి నుండి తిరిగివచ్చిన కుమారుడు తన తల్లికి ఏనాడో న్యాయస్థానము విధించిన భరణమెంతయో తెలిసికొనగోరినప్పుడును, పాత మిసిలు ఎక్కడ నున్నదను ప్రశ్న తలయెత్తును.

ఈ ప్రశ్నకు ఉత్తర తెలంగాణమున సమాధానము ఒకింత చిక్కుపడి యున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన పాత కరీంనగరు జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, పాత ఆదిలాబాదు జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలును ఏర్పడినవి. కలెక్టరు కచ్చేరీలు ఆనాడే వెలసినను న్యాయస్థానముల విభజన వెంటనే జరుగలేదు. కొత్త న్యాయ జిల్లాలు 2022 జూన్ 2వ తేదీన గాని పనిచేయ నారంభింపలేదు. కాబట్టి ఆ యారేండ్ల కాలమున ఈ ప్రాంతపు కుటుంబములు పరిపాలనకు ఒక జిల్లాకును, జిల్లా న్యాయస్థానమునకు మరియొక జిల్లాకును చెందియుండెను. అందుచేత మీరిప్పుడు ఏ జిల్లాలో నివసించుచున్నారన్నది కాదు, మీ వ్యాజ్యమును ఏ న్యాయస్థానము, ఏ యేట పరిష్కరించినదన్నదే ముందుగా తెలిసికొనదగినది. ఈ న్యాయస్థానముల విభజనకు పూర్వమే ముగిసిన వ్యాజ్యపు దస్త్రము తీర్పు చెప్పిన న్యాయస్థానపు రికార్డు గదిలోనే యుండుట సాధారణము. నాటికి నడుచుచుండినవి మాత్రము కొత్త న్యాయస్థానమునకు బదిలీయై, సంఖ్య మారి యుండవచ్చును. మంచిర్యాల వాసి మంచిర్యాలలో వెదకి, లేదనిపించుకొని నిరాశ చెందుటకంటె, ఆదిలాబాదునందును విచారించుట మేలు.

ఇక కుటుంబ న్యాయస్థానముల మాట. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము పది లక్షలకు మించిన జనాభాగల పట్టణమునందు వీనిని తప్పక నెలకొల్పవలెననియు, తక్కిన చోట్ల అవసరమునుబట్టి నెలకొల్పవచ్చుననియు చెప్పుచున్నది. కరీంనగరునందు అట్టి న్యాయస్థానము కలదు. లేని చోట్ల హిందూ వివాహ చట్టపు పిటిషన్లను సీనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానములును, భరణపు అర్జీలను మేజిస్ట్రేటులును విచారించుచు వచ్చిరి. దాంపత్య పిటిషనుకు ఓ.పి. అనియో ఎఫ్.సి.ఓ.పి. అనియో, భరణపు అర్జీకి ఎం.సి. అనియు, పిల్లల సంరక్షణకు సంబంధించినదానికి జి.డబ్ల్యు.ఓ.పి. అనియు ముందుగుర్తులుండును. ఈ గుర్తు, సంఖ్య, సంవత్సరము మూడును చేతనున్నచో సగము పని యైనట్లే. సంఖ్య మరచినవారు ఈ-కోర్టుల వెబ్‌సైటునందు జిల్లాను, న్యాయస్థాన సముదాయమును ఎన్నుకొని, కక్షిదారు పేరును, సంవత్సరమును ఇచ్చి వెదకవచ్చును. అక్కడ ప్రతి వ్యాజ్యమునకును సి.ఎన్.ఆర్. అను పదునారు అక్షరాంకముల గుర్తింపు సంఖ్య యుండును. దానిని వ్రాసి పెట్టుకొనుడు. పేరును ఇంగ్లీషులో వ్రాయునప్పుడు గుమాస్తాలు ఒక్కొక్కరొక్కొక్క విధమున వ్రాయుదురు గనుక, లక్ష్మిని నాలుగు తీరుల వెదకవలసి రావచ్చును. ఆ వెబ్‌సైటున పేషీ తేదీలు, వ్యాజ్యపు దశ తెలియును గాని, దాంపత్య వ్యాజ్యపు తీర్పు పాఠమంతయు దొరకునని ఆశింపరాదు. కంప్యూటరునకు ఎక్కని పాత వ్యాజ్యములైనచో రికార్డు గదిలోని రిజిస్టర్లను వెదకించుమని అర్జీ పెట్టుట తప్ప గత్యంతరము లేదు. నిజాము కాలపు మనోవర్తి తగవుల జోలికి పోవువారికి ఉర్దూ చదువగల పెద్దమనిషి సహాయమును అవసరమగును.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చెదను. ఈ కాగితములలో కొన్నింటిని ఉచితముగా ఇచ్చుట న్యాయస్థానపు దయ కాదు, ధర్మము. హిందూ వివాహ చట్టము 23వ సెక్షను నాలుగవ ఉపసెక్షను ప్రకారము, వివాహమును రద్దుచేయుచు విడాకుల డిక్రీ ఇచ్చిన ప్రతి వ్యాజ్యమునందును, న్యాయస్థానము దాని ప్రతిని భార్యకొకటి, భర్తకొకటి వెల లేకుండ ఇయ్యవలెను. 1976 సవరణతో వచ్చిన ఈ నియమమునకు అర్ధ శతాబ్ది వయసు వచ్చినను, బీడీలు చుట్టి పిల్లలను సాకుకొనుచు సిరిసిల్ల నుండియో కోరుట్ల నుండియో తారీఖు తారీఖునకు బస్సెక్కి వచ్చిన స్త్రీలలో ఎందరికి ఇది తెలిసియున్నది? అట్లే భరణపు ఉత్తర్వు ప్రతిని ఎవరి పక్షమున అది వెలువడెనో వారికి రుసుము లేకుండ ఇయ్యవలెనని పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 128వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 147వ సెక్షనులో అదే నియమము కలదు. భర్త ఏ యూరికి పోయి దాగినను, అతడున్న చోటి మేజిస్ట్రేటు చేతనే ఆ యుత్తర్వును అమలు చేయించుకొనవచ్చునని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. ఉత్తర్వు ప్రతి చేతలేనిదే ఆ హక్కు ఎట్లు ఫలించును? గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు 2005 నాటి చట్టము ఇంకొక యడుగు ముందుకు వేసి, ఉత్తర్వు ప్రతిని కక్షిదారులకే గాక సంబంధిత పోలీసు అధికారికిని ఉచితముగా పంపవలెనని 24వ సెక్షనులో విధించినది. వకీలు గారి యింట జిరాక్సు ఉన్నది కదా యని ఊరకుండుట తగదు. వకీళ్లు వృత్తి మానుదురు, ఊళ్లు మారుదురు. జిరాక్సు కాగితము ఏ కార్యాలయమునందును నిలువదు.

ఉచిత ప్రతి పోయినను, తీర్పుతోపాటు సాక్ష్యముల, పిటిషన్ల నకళ్లు కావలెనన్నను, ధ్రువీకృత నకలుకు అర్జీ పెట్టవలెను. కక్షిదారు దీనిని వకీలు లేకయే తానే పెట్టవచ్చును. విదేశమునందున్నవాడు తన వకీలు ద్వారానో, సాధికార పత్రము వ్రాసియిచ్చిన బంధువు ద్వారానో పెట్టింపవచ్చును. అర్జీ పెట్టిన తరువాత నకళ్ల విభాగపు నోటీసు బోర్డును కనిపెట్టి యుండుట మరువరాదు. ఎంత రుసుము చెల్లింపవలెనో అందులో ప్రకటింతురు. గడువులోగా చెల్లింపనిచో అర్జీ కొట్టివేయబడును. నకలు వెనుక అర్జీ పెట్టిన దినము, రుసుము కోరిన దినము, నకలు సిద్ధమైన దినము ముద్రవేసి యుండును. ఈ తేదీలు వట్టి గుమాస్తా గీతలు కావు. నకలు తయారగుటకు పట్టిన కాలమును అప్పీలు గడువునుండి మినహాయించుటకు లిమిటేషను చట్టము 12వ సెక్షను ప్రకారము అవియే ఆధారములు. కుటుంబ న్యాయస్థానపు తీర్పుపై హైకోర్టునకు అప్పీలు గడువు కుటుంబ న్యాయస్థానముల చట్టము 19వ సెక్షనులో 30 దినములనియు, హిందూ వివాహ చట్టము 28వ సెక్షనులో 90 దినములనియు ఉన్నది. ఏది వర్తించునన్న వివాదమును వకీళ్లకు విడిచి, 30 దినములే యనుకొని నడచువాడు నష్టపడడు. మరియొక మాట: పెండ్లి ఫోటోలు, లగ్నపత్రిక, వివాహ ధ్రువపత్రము వంటి అసలు పత్రములను వ్యాజ్యములో దాఖలు చేసినవారు, అప్పీలు గడువు తీరగానే సివిల్ ప్రొసీజర్ కోడు 13వ ఆర్డరు 9వ రూలు క్రింద వానిని తిరిగి తీసికొనవలెను. తీర్పును, డిక్రీని చిరకాలము భద్రపరచినను, తక్కిన కాగితములను నియమిత కాలము గడచిన వెనుక ధ్వంసము చేయుదురు.

అన్యుల సంగతి వేరు. కుటుంబ న్యాయస్థానమున దంపతులలో ఏ యొక్కరు కోరినను విచారణను రహస్యముగా జరుపవలెను. హిందూ వివాహ చట్టము 22వ సెక్షను ఆ విచారణ విశేషములను అచ్చువేయుటనే నిషేధించి, అతిక్రమించినవారికి వేయి రూపాయల దాక జరిమానా విధించినది. కక్షిదారు కానివాడు నకలు కోరినచో, తనకేల కావలెనో ప్రమాణపత్రమున వివరించి, న్యాయస్థానపు అనుమతి పొందవలెను. సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టి ఈ మార్గమును తప్పించుకొన జూచుట వ్యర్థము. న్యాయస్థానపు నియమములే నకళ్లకు దారి యని గుజరాతు హైకోర్టు విషయమున సుప్రీంకోర్టు 2020 మార్చిలో స్పష్టపరచినది. మరణించిన కక్షిదారు వారసుడో, ఆ దంపతుల బిడ్డయో యైనచో కారణము చూపుట కష్టము కాదు. పక్కింటివాని కుతూహలమునకు మాత్రము ఆ తలుపు తెరువబడదు. తెరువబడకుండుటయే న్యాయమని నా యభిప్రాయము. సంబంధము కలుపుకొనబోవువారు అవతలివారిని డిక్రీ ప్రతి తెమ్మని అడుగుటయే సముచితమైన పద్ధతి; ఇచ్చుటకు వెనుదీయువానికి పిల్లనిచ్చుటకు మీరును వెనుదీయవచ్చును.

అమెరికా సంబంధముల విషయమున పరిస్థితి భిన్నము. అక్కడ విడాకుల వ్యాజ్యములు రాష్ట్రములలోని కౌంటీ స్థాయి న్యాయస్థానములలో నడచును. నియమములు రాష్ట్రమునుబట్టి మారును. కాలిఫోర్నియాలో, ముద్రవేసి మూసినవి తప్ప, కౌంటీ సుపీరియర్ కోర్టులోని విడాకుల దస్త్రమును సామాన్యముగా ఎవరైనను చూడవచ్చును. న్యూయార్కులో మాత్రము న్యాయస్థానపు ఉత్తర్వు లేనిదే ఉభయులకును వారి వకీళ్లకును తప్ప ఇతరులకు చూపరు. కాలిఫోర్నియా వంటి చోట, అల్లుడు కాబోవువాడు ఏ కౌంటీలో కాపురముండెనో తెలిసినచో విచారించుటకు దారి కలదన్నమాట. అయితే అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లుననుకొనుట తొందరపాటు. 1975లో తిరుపతిలో జరిగిన యొక వివాహమును మిస్సోరి రాష్ట్రమందలి సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టు రద్దుచేసినదని భర్త డిక్రీ నకలు చూపగా, ఆ తగవు సుప్రీంకోర్టు దాక వచ్చినది. ఆ నకలు ఫోటోస్టాటు అయినంత మాత్రముచేత కాదు, అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణము లేకపోవుటచే సాక్ష్యముగా స్వీకరింప వీలులేదని 1991లో ఆ న్యాయస్థానము తేల్చినది. వివాహము ఏ చట్టము క్రింద జరిగినదో ఆ చట్టము గుర్తించిన న్యాయస్థానము, అది గుర్తించిన కారణముపై ఇచ్చిన విడాకులే సామాన్యముగా ఇక్కడ చెల్లునని కూడ అదే తీర్పు చెప్పినది. భార్య తానై ఆ విదేశపు న్యాయస్థానమునకు లోబడి వాదించుట వంటి కొన్ని మినహాయింపులు లేకపోలేదు.

చివరకు ఆదిలాబాదు అడవుల మాట. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు ప్రాంతముల గోండులు, కోలాములు, ప్రధానులు ఎన్నేండ్లు వెదకినను తమ విడాకుల మిసిలు కచ్చేరీలో దొరకకపోవచ్చును. ఏలయన అది ఎన్నడును పుట్టియుండదు. హిందూ వివాహ చట్టము 2వ సెక్షను ప్రకారము, కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, ఆ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. వారి పెండ్లియు తెగదెంపులును ఆచారమునుబట్టి, ఊరి పటేలు సమక్షముననో, రాయి సెంటరను తెగ పెద్దల సభలోని సార్మేడీల యెదుటనో జరుగుచున్నవి. అక్కడ జరిగినదానికి ఏ కార్యాలయమైనను కాగితమడిగినచో ఏమి చేయవలెను? ఇదే ప్రశ్న మైదానపు కులపంచాయితీలలో స్టాంపు కాగితముపై విడుపు వ్రాయించుకొన్నవారికిని వచ్చును. అయితే ఆ కులమున అట్టి ఆచారము చిరకాలముగా కలదని ఋజువైననే హిందూ వివాహ చట్టము 29వ సెక్షను దానిని కాపాడును, లేనిచో ఆ స్టాంపు కాగితమునకు విలువ లేదు. ఉభయులకును మిగిలిన మార్గమొక్కటే: కుటుంబ న్యాయస్థానముల చట్టము 7వ సెక్షను క్రింద, తమ దాంపత్య స్థితి యేమియో ప్రకటింపుమని దావా వేసి, ఆ పెద్దలనే సాక్షులుగా పిలిపించుట. స్త్రీలకును షెడ్యూల్డు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ఉచిత సహాయము కల్పించుచున్నది. కరీంనగరునందును ఆదిలాబాదునందును జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నవి, 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇట్టి ప్రకటన డిక్రీకి హిందూ వివాహ చట్టము 23వ సెక్షనులోని ఉచిత ప్రతి నియమము వర్తింపదు గాని, ధ్రువీకృత నకళ్లు తెప్పించి యిచ్చుటయు ఆ సంస్థ సేవలలోనిదే గనుక, దావాకు వకీలును కోరునప్పుడే నకలు మాటయు అర్జీలో చేర్చి వ్రాయింపవలెను.