కాలువ నీరును నూతి నీరును
(గోదావరి, కృష్ణా సముద్రతీర గ్రామముల రైతులకు)

గోదావరికి ధవళేశ్వరమువద్ద 1847 మొదలు 1852 వఱకును, కృష్ణకు విజయవాడవద్ద 1852 మొదలు 1855 వఱకును ఆనకట్టలు కట్టి కాలువలు త్రవ్విరి. ఇప్పుడు వానికి బదులు బ్యారేజీలు గలవు. కాలువ నీరు పైరునకు మాత్రమే ఉపకరించునని తలపరాదు. అందు కొంత కాలువ యడుగునుండియు వరిమళ్లనుండియు నేలలోని కింకి నూతుల నీటిమట్టమును పెంచును.

1. సముద్రతీరమున భూమిలోపల ఉప్పునీరుండును. మంచినీరు తేలికయగుటచే పాలమీది మీగడవలె దానిపై నిలుచును. ఇసుకనేలయందు మంచినీరు సముద్రమట్టమునకు పైన ఒక అడుగున్నచో, దిగువను సుమారు 40 అడుగులుండునని లెక్క. కావున పైన ఒక అడుగు తగ్గెనేని, క్రిందినుండి ఉప్పునీరు క్రమముగా సుమారు 40 అడుగులు పైకి వచ్చును. బంకమన్ను పొరలున్నచోట ఈ లెక్క మాఱును.

2. కాలువ నీరు నూతి నీటికంటె ఎత్తుననున్నచో నేలకు నీరిచ్చును. పల్లముననున్నచో నేలనుండి లాగుకొనును. పంటకాలువ మొదటి విధము, లోతైన మురుగుకాలువ రెండవ విధము. వేసవిలో కాలువ కట్టివేయగానే గట్టుప్రక్క నూతులు తగ్గుట కిదియే కారణము. కాలువకు సిమెంటు పూత వేసినచో నీటి నష్టము తగ్గును. నూతుల ఊటయు తగ్గును.

3. మురుగుకాలువ పూడినచో నేలలోని నీరు వేళ్లవఱకు లేచి, ఎండకు ఆవిరియై, ఉప్పును పైన విడుచును. పొలము చౌడగును. తలుపులేని మురుగుకాలువ వెంట పోటునీరు ఎగదన్ని ఒడ్డు నూతులను చెఱచును.

రైతులు గమనింపవలసినవి:

ఉప్పునీటికి దగ్గఱగా లోతుబోరు వేసి ఇంజనుతో వేగముగా తోడరాదు. తోడినచో ఆ చోట ఉప్పునీరు పుట్టవలె పైకి లేచును. పొరుగువాని నూయియు చెడును. ఇసుకనేలలో లోతులేని దొరువులు త్రవ్వి, కొంచెము కొంచెముగా తోడుట మేలు.

కాలువ కట్టుటకు ముందును, కట్టిన పిదప నెలకొకసారియు, నూతిలో నీరెంత లోతుననున్నదో త్రాటితో కొలిచి వ్రాసికొనవలెను. నీరు రుచి మాఱెనేని తోడుట తగ్గింపవలెను. ఉప్పుపట్టిన నూయి మరల మంచిదగుటకు ఏండ్లు పట్టవచ్చును. మురుగుకాలువ పూడిక తీయుట ఒక్కనివలన కాదు. గ్రామస్థులందఱును కూడి పూనుకొనవలసిన పని.