పాత డిస్కు జోలికి పోవద్దు

ప్రొద్దుటూరు
విశ్వావసు కార్తీకం



పాపా, వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫోటోలు రెండూ చూసినాను. విండోస్ 10 గడువు తీరిపోయిందని తెర మీద వచ్చిన నోటీసు ఒకటి, డబ్బా మీది స్టిక్కరు ఇంకోటి. కర్నూలులో అంగడాయన “పొద్దున తెస్తే సాయంత్రానికి విండోస్ 11 ఎక్కించి ఇస్తా” అన్నాడని రాసినావు. ఇవ్వాల్నా, వద్దా అని అడిగినావు. ఇవ్వొద్దు. ఫోన్లో చెప్తే సగం నీ చెవిన పడదు, మిగతా సగం మీ నాయన ఒప్పుకోడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కూర్చొని చదువుకోండి.

ముందు ఆ నోటీసు సంగతి. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన మీ కంప్యూటరు ఆగిపోదు, మీ నాయన పని చేసుకునే పేజ్‌మేకరు తెరుచుకోకుండా పోదు, ప్రింటరు అలగదు. కొత్తగా బయటపడే లొసుగులకు కంపెనీ ఇక ఉచితంగా అతుకులు వేయదు, అంతే. ఇంటర్నెట్‌కు తగిలించిన మిషన్‌కు ఇది చిన్న విషయం కాదు. నువ్వు అందులోనే బ్యాంకు చూసుకుంటావు, అందులోనే పరీక్షల దరఖాస్తులు పెడతావు. కాబట్టి ఏదో ఒకటి చేయాల్సిందే, ఈ వారమే చేయాలని మాత్రం లేదు. ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే పేరు నమోదు చేసుకొమ్మని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా పెట్టి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఊరికే ఇస్తారు. ఇది ఈ రాత్రికే చెయ్. అంతవరకు గడువు దొరుకుతుంది, నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఆ కంపెనీని 2014 ఫిబ్రవరి నుంచి నడిపిస్తున్న సత్య నాదెళ్ల వాళ్ల నాయన యుగంధర్‌గారిది మన పక్క అనంతపురం జిల్లా బుక్కాపురమే. సీమవాళ్లు గదా అని ఇంకో పదేళ్లు ఇస్తారనుకోవద్దు. ఆయన కుర్చీ ఎక్కిన రెండు నెలలకే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి నీళ్లొదిలినారు. ఆ తర్వాత కూడా మా వీధిలో డీటీపీ గదులు ఎక్స్‌పీ మీదే పెళ్లిపత్రికలు కొట్టుకుంటూ పోయినాయి. వాళ్లకు నెట్ అక్కర లేకపోయె, నడిచింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ కంప్యూటరులో ఏముందో నీకు తెలుసునా? సినిమాలు, నీ రికార్డు వర్కు, పెళ్లి ఫోటోలు ఉన్నాయని చెప్తావు. మీ నాయన దస్తావేజులు రాసుకున్న ఇన్నేళ్ల బతుకు అందులోనే ఉంది. క్రయ దస్తావేజులు, దానపత్రాలు, భాగ పరిష్కారాలు, అగ్రిమెంట్లు, వీలునామాలు. రిజిస్టరైనవాటికి భయం లేదు. 1998లో కార్డ్ పద్ధతి వచ్చినప్పటి నుంచి రిజిస్ట్రార్ ఆఫీసులు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి, నకలు అక్కడ దొరుకుతుంది. వీలునామాకు మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాగితం పోగొట్టుకున్న రైతు పదేళ్లకు వచ్చి “అన్నా, ఆ పొద్దు నువ్వు రాసిచ్చింది ఏమన్నా ఉందా” అంటే చూపించడానికి మీ నాయన దగ్గర ఉండేది ఆ ఫైలు ఒక్కటే. చెక్కుబందీలో ఒక దిక్కు తారుమారైతే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే జిల్లాలు మనవి.

ఆ ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. చిక్కంతా ఇక్కడే. నువ్వు ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. అందులో “క”కు ప్రపంచమంతటా ఒకటే సంఖ్య, ఏ మిషన్‌లో తెరిచినా “క”గానే వస్తుంది. అను ఫాంటు అట్లా కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కూర్చోవాల్సిన గళ్లలో తెలుగు ముక్కలను కూర్చోబెడతారు, తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందనుకుని చెరిపేసినవాళ్లు ఉన్నారు. దానికి ఏమీ కాలేదు, చదివే సాధనం లేదు, అంతే. ఇక పేజ్‌మేకర్ కథ చూస్తే, 2001లో వచ్చిన 7వ వెర్షనే ఆఖరిది. దాన్ని అడోబీయే ఎప్పుడో వదిలేసింది. విండోస్ 11లో అది కొన్ని మిషన్లలో నడుస్తుంది, కొన్నిట్లో సగం నడిచి మధ్యలో మూసుకుపోతుంది. పదకొండు వచ్చేది 64 బిట్‌లోనే కాబట్టి, మరీ వెనకటి 16 బిట్ ప్రోగ్రాములు అందులో ససేమిరా లేవవు. నడిస్తే నడుస్తుందిలే అనుకోవడానికి నువ్వు ఆటలాడుకునే మిషన్ అయితే సరే. మీ నాయన అన్నం తినేది దాని మీద.

అంగడాయన “సీ డ్రైవు ఒక్కటే ఫార్మాట్ చేస్తా, డీలో ఉండేవి భద్రంగా ఉంటాయి” అని చెప్పి ఉంటాడు. మీ నాయన ఫైళ్లు ఎక్కడ పెట్టుకుంటాడో పోయి చూడు. నేనెరిగినంతవరకు అన్నీ డెస్క్‌టాప్ మీదనే. డెస్క్‌టాప్ ఉండేది సీలో. పైగా సీ, డీ రెండూ ఒకే డిస్కులో గీసుకున్న హద్దులు. డిస్కు పోతే రెండూ పోతాయి. ఇక్కడ ఒకాయన ఇట్లాగే ఒక అంగట్లో ఇచ్చి, ఇరవై ఊర్ల ఓటరు స్లిప్పుల పనీ కల్యాణ మండపాల లెక్కలూ కలిపి పోగొట్టుకున్నాడు. అంగడాయన తప్పని కూడా అనలేను, అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు.

అందుకే ముందు నకళ్లు. ఈ మాట కడప జిల్లావాడు చెప్పకపోతే ఎవరు చెప్తారు? 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ ఆ ఊళ్లో బంగళా కొని, పండితులకు సొంత లెక్కతో జీతాలిచ్చి, చెదలు తింటున్న తాటాకు ప్రతులకు కాగితం మీద నకళ్లు రాయించినాడు. మెకంజీ దొర సేకరించిన కైఫీయత్తులనే ఊరి చరిత్రలు శిథిలమవుతుంటే వాటికీ నకళ్లు తీయించినాడు. నకలు తీయించి ఊరుకోలేదాయన. ఒక ప్రతిని ఇంకో ప్రతి పక్కన పెట్టి పోల్పించినాడు. మనవాళ్లు చేయనిది ఈ రెండోదే. పెన్‌డ్రైవులోకి లాగేసి “అయిపాయె” అంటారు. కాపీ అయిన ఫైళ్లు ఓ పదైనా, పాతవీ కొత్తవీ కలిపి, వేరే మిషన్‌లో తెరిచి చూడు. ఫైళ్లతోపాటు అను ఫాంట్ల ఫోల్డరు, అను, పేజ్‌మేకర్ సీడీలు, వాటి సీరియల్ నంబర్లు కూడా తీసిపెట్టుకో. రెండు చోట్ల దాచు. ఒకటి మీ ఇంట్లో, ఒకటి నా దగ్గర. పెన్‌డ్రైవును నమ్మొద్దు, బయట పెట్టుకునే హార్డ్‌డిస్కు కొను. వీలునామాలు, అగ్రిమెంట్లు ఉన్నవాటిని పాత మిషన్‌లోనే తెరిచి పీడీఎఫ్‌లు చేయించు. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉండేటట్టు చేయిస్తే రేపు ఫోన్లో తెరిచినా అక్షరం చెదరదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సైట్లు నెట్‌లో ఉన్నాయి. పని చేస్తాయి, కొన్ని ఒత్తుల దగ్గర తడబడతాయి. మీ నాయన దస్తావేజులు మాత్రం అట్లాంటి సైట్లలో వేయొద్దు. అందులో జనాల ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు ఉంటాయి. మనను నమ్మి చెప్పిన వివరాలవి.

మిషన్ సంగతి. స్టిక్కరు మీద ఐ3-6100 అని ఉంది. ఈ నంబరులో గీత తర్వాత వచ్చే తొలి అంకె తరం. 6 అంటే ఆరో తరం. విండోస్ 11 ఇంటెల్‌లో అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్ అడుగుతుంది. ఆ 4 జీబీతో నడిపితే విసుగుపుడుతుందిలే. ఇది మీ డబ్బాకు కుదరదని మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ కూడా చెప్తుంది, వేసి చూడు. అయినా అంగడాయన ఎట్లా ఎక్కిస్తానన్నాడు? తనిఖీని తప్పించే అడ్డదారులున్నాయి. ఎక్కుతుంది కూడా. అట్లా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని కంపెనీయే రాసిపెట్టింది. అప్‌డేట్ల కోసం మార్చి, అప్‌డేట్లకు హామీ లేనిది తెచ్చుకోవడం ఏం పని? లైసెన్సు లేకుండా “యాక్టివేటర్” వేసి ఇస్తానంటే ఇంకా అన్యాయం. అది వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటారు చూడు, అక్కడే తెలుసుకోవాలి.

నేనైతే ఇట్లా చేస్తా. చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి కొను, 256 జీబీది చాలు. డబ్బా తెరిచి, పాత డిస్కుకు ఉన్న కేబుల్ పీకి పక్కన పెట్టు. అప్పుడు ఏ ఇన్‌స్టాలరూ, ఏ అంగడాయనా దాన్ని ముట్టుకోలేరు. కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వేసుకో. ఊరికే వస్తుంది. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. బ్రౌజరు, బ్యాంకు, దరఖాస్తులు, లిబ్రే ఆఫీసు, యూట్యూబు అన్నీ నీవి అందులో. యూనికోడ్ తెలుగు అందంగా కనిపిస్తుంది. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్ల తరబడి పడిన కష్టం ఇందులో ఉంది. పని సర్దుకున్నాక పాత డిస్కు కేబుల్ మళ్లీ తగిలించు. అందులో విండోస్ 10, పేజ్‌మేకరు, అను ఎట్లున్నవి అట్లనే ఉంటాయి. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏ డిస్కు కావాలో ఎంచుకోవచ్చు. మీ నాయన విండోస్‌లోకి పోయినప్పుడు నెట్ ఉండకూడదు. వైఫై పాస్‌వర్డు అక్కడ మరిపించు. నెట్ పని, దస్తావేజుల పని ఒకే డిస్కు మీద పెట్టుకోకపోవడమే నేను చెప్పేది. మీ నాయనను మింట్‌లోకి లాగొద్దు. అనులోని ఆపిల్ కీబోర్డు లేఅవుటుకు అలవాటు పడిన వేళ్లు అవి, ఈ వయసులో ఇన్‌స్క్రిప్టు నేర్చుకోమంటే తిట్లు నాకు తగుల్తాయి.

పని పెట్టుకునేది ఎండలు ముదరకముందు పెట్టుకో. కర్నూలులో 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆ డబ్బాలో ఫ్యాను ఎంత తిరిగినా వేడి తగ్గదు. డబ్బా తెరిచినప్పుడు ఫ్యానులో దుమ్ము కూడా బ్రష్షుతో దులుపు, సగం మందకొడితనం అక్కడే పోతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. యూపీఎస్ బ్యాటరీ అయిదు నిమిషాలన్నా ఆగుతుందో లేదో ముందే చూసుకో. మింట్ ఫైలు 3 జీబీకి అటూ ఇటూ ఉంటుంది. నీ ఫోన్‌లో రోజుకిచ్చే డేటా చాలదు, కాలేజీలో దింపుకో.

నీకు ఉద్యోగం కుదిరినాక సొంతానికి ఒక మిషన్ తీసుకుందువు. అప్పుడు విండోస్ 11 ఉన్నదే తీసుకో, వద్దనను. ఆఫీసుల్లో వాడి తీసేసిన మిషన్లు బాగుచేసి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అమ్ముతారు. ఎనిమిదో తరం కంటే కింద ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు. ఇంకోటి గుర్తుపెట్టుకో. కొత్త విండోస్‌లు ఖాతా పెట్టి లోపలికి పోగానే డిస్కుకు తమంతట తామే తాళం వేసేస్తున్నాయి. ఎప్పుడన్నా మొరాయిస్తే 48 అంకెల తాళం సంఖ్య అడుగుతుంది. అది నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. మొదటిరోజే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. ఆ అంకెలు లేకపోతే ఆ డిస్కును తెరవడం ఎవరి చేతా కాదు. పాత తెలుగు వర్డ్ ఫైళ్లలో గౌతమి అక్షరాలు వేరుగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు ఫాంట్లని ఉంటాయి, దించుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి.

అంగడాయనకు ఇప్పుడే వద్దని మర్యాదగా చెప్పు, రేపు ఎస్ఎస్‌డీ ఆయన దగ్గరే కొనాల గదా. ఈ ఆదివారం మీ నాయన పక్కన కూర్చొని ఏ ఫైళ్లు కావాలో, ఏవి పోయినా ఫర్వాలేదో ఒక నోటుబుక్కులో రాయించు. ఆయన “అన్నీ కావాల” అంటాడు, ఒప్పుకోకు, ఒక్కొక్కటి తెరిపించి అడుగు. ఆ జాబితా ఫోటో తీసి నాకు పంపు. అది నేను చూసినాకనే డబ్బా స్క్రూ విప్పు.

మీ మామ