ముందు ఏ ఉల్లిపాయ కొయ్యాలి?

“డబ్బుల్లేవు” అనే మాట పిల్లల ముందు ఎన్నిసార్లు అంటున్నామో ఒకసారి చూసుకోండి. రంగు పెన్సిళ్లు అడిగితే లేవు, ఐస్‌క్రీం అడిగితే లేవు. అదే నెలలో పెద్దాడికి పంచెల ఫంక్షన్ చేసి, వీధి మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కడతాం. లేమి ఎక్కడ నిజమో, ఎక్కడ సాకో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. లేవని చెప్పేకన్నా ఇంటి లెక్కలో వాళ్లనీ కూర్చోబెట్టుకోవడం మేలు.

పెంటపాడు వాళ్లకి ఆ చదువు పక్కనే, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో దొరుకుతుంది. ఈసారి పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి. రెండిళ్లవాళ్లు కలిసి బస్తా కొంటే కలిసొస్తుంది, సరే. కానీ ఏ బస్తా? వానాకాలం పంటగా వచ్చే కర్నూలు ఉల్లిలో తడి ఎక్కువ, నిలవకి ఆగదు. మహారాష్ట్రలో వేసవిలో తీసిన పాయ బాగా ఆరి ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆగుతుంది. చవగ్గా ఉందని మొదటిది బస్తాలెక్కన ఎత్తుకొస్తే సగం పారబోయడానికే.

ఇంటికొచ్చాక గోనెపట్టా పరిచి పిల్లల చేతే ఏరించండి. మెడ లావుగా, పచ్చిగా ఉన్నవి, మొలకెత్తినవి, వేలితో నొక్కితే మెత్తగా తగిలేవి ఒక పక్కకి. అవి ఈ వారం పులుసులోకి, పకోడీలోకి. మెడ సన్నగా ఎండి, పొర గలగలలాడేవి గాలి తగిలేచోట, బంగాళాదుంపలకి దూరంగా. ఈ పని అప్పగించి చూడండి, కుళ్లు వాసన మీకన్నా ముందు వాళ్లే పసిగడతారు.

దాచుకోవడం ఉల్లికే కాదు, నీళ్లకీ. వేసవిలో కాలవలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ల చెరువు ఎందుకు నింపుకుంటారో కూడా చూపించండి. బియ్యం కడుగునీళ్లు కుడితిలో పొయ్యమనడం అమ్మమ్మ చాదస్తం కాదని అప్పుడు తెలుస్తుంది.

కొన్నిచోట్ల మాత్రం చెయ్యి బిగించకండి. పాలు, గుడ్లు, కళ్లజోడు, కాలికి సరిపోయే చెప్పులు. వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాగబెట్టడమూ పొదుపు కాదు. అన్న చొక్కా తమ్ముడికి తొడగండి, తప్పేం లేదు. ఆ సంగతి చుట్టాల ముందు మాత్రం ఎత్తకండి.

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరుమీదే పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చు, 500 రూపాయలుంటే చాలు. సంక్రాంతికి తాతయ్య, మేనత్త చేతిలో పెట్టిన డబ్బులు వాళ్ల చేతే అందులో వేయించండి. నెలాఖరున కరెంటు బిల్లుకి ఆ డబ్బే కావాల్సొస్తే అప్పుగా అడగండి, ఎప్పుడిస్తారో తేదీ చెప్పి ఆ రోజుకి కట్టేయండి.