మందు మోతాదు - దాని వేళ

ఒంట్లో కొంచెము నెమ్మదించగానే, వైద్యుడు చెప్పిన గడువునకు ముందే మాత్రలు మానివేయుట, ఒక పూట మరచినచో మరుపూట రెండింతలు మ్రింగుట అనేకులకు అలవాటు. ఇవి యెందుకు తగవో ఒక చిన్న లెక్కవలన గ్రహింపవచ్చును. పంచాయతీ సభ్యులు ఈ లెక్కను తమ గ్రామస్థులకు విడమరచి చెప్పవలెనని కోరుచున్నాము.

అడుగున చిల్లిగల తొట్టిలో నీరు నిండుగా నున్నపుడు ధార వేగముగను, తరిగినకొలది సన్నముగను కారును. శరీరములోని మందు సంగతియు ఇంచుమించు ఇట్టిదే. కాలేయము, మూత్రపిండములు దానిని ఎడతెగక వెడలించుచుండును. రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధజీవిత కాలమందురు. పారాసెటమాల్‌కు ఇది సుమారు 2, 3 గంటలు.

ఒక మందుకు ఈ కాలము 12 గంటలనియు, 12 గంటలకొకసారి 100 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చుచున్నారనియు అనుకొందము. రెండవ మోతాదు వేళకు 50 మిగులును. దానితో కలిసి 150 అగును. మూడవ వేళకు 75 మిగిలి 175 అగును. ఇట్లు పెరుగుచు, తుదకు మోతాదు పడగానే 200, మరల వేళ వచ్చుసరికి 100 అను స్థితిలో నిలుచును. అప్పుడు చేరునదియు పోవునదియు సమానము. కావున కొన్ని మందులు మొదటి మాత్రకే పూర్తి గుణము చూపవు.

ఈ మందు 80కి తగ్గిన పనిచేయదనియు, 240 దాటిన కీడు చేయుననియు అనుకొందము. ఒక వేళ తప్పినచో 100 కాస్త 50కి దిగును, రోగము తలయెత్తును. తప్పినదానికి బదులుగా రెండు మోతాదులు ఒక్కసారి మ్రింగినచో 250కి ఎక్కును, మందే విషమగును.

క్షయరోగ చికిత్సలో ఈ లెక్క ప్రాణములతో ముడిపడియున్నది. ఐసోనియాజిడ్ మందు అర్ధజీవిత కాలము మనిషిని బట్టి సుమారు 1 నుండి 4 గంటలు. నేటి మాత్ర రేపటికి దాదాపు మిగులదు. మన దేశమున ప్రతిదినము మందు ఇచ్చుచున్నారు. సాధారణ క్షయకు 2 నెలలు నాలుగు మందులు, పిమ్మట 4 నెలలు మూడు మందులు వాడుదురు. కొన్ని వారములలోనే దగ్గు తగ్గవచ్చును. కాని మెల్లగా పెరుగు క్రిములు లోపల దాగియుండును. నడుమ మానినచో అవి మందుకు లొంగని క్రిములుగా మారి, ఇంటిల్లిపాదికిని సోకగలవు.

మద్రాసులో 1956లో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇంటివద్ద చికిత్సయు శానిటోరియం చికిత్సతో సమానముగా ఫలించునని 1959లో నిరూపించినది. అయితే ఇంటివద్ద మందు వేళ తప్పకుండ చూచువారుండవలెను. 2023లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన క్షయరహిత పంచాయతీ కార్యక్రమము ఈ బాధ్యతను గ్రామమునకు మరింత చేరువ చేసినది.

కావున సభ్యులు ఆశా కార్యకర్తకు తోడ్పడుదురు గాక! రోగి కూలికై పొరుగూరు పోవునపుడు, ఆరోగ్య కేంద్రమువారితో చెప్పి, సరిపడు మందులు వెంట తీసికొనిపోవునట్లు చూడవలెను. వేళ తప్పినపుడు తనంత తాను మోతాదు పెంచక వైద్యుని అడుగుమని చెప్పవలెను. రోగి పేరు రచ్చబండకు ఎక్కనీయరాదు. సిగ్గుపడి దాగిన రోగి మందుకును దూరమగును.