పాడే పిలుపు – పాడేవారి బాధ్యత



మన కార్వేటినగరం పాట ఎరుగని ఊరు కాదు. సారంగపాణి పదాలు ఇక్కడి సంస్థానంలోనే పుట్టాయి. ఇక్కడి వేణుగోపాలస్వామి పేరే వాటికి ముద్ర. అది కోటలో పాట. మా పేటల్లో వినిపించింది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. బడి మొహం చూడని మా అమ్మలు వాటిని చెవితోనే నేర్చుకున్నారు. ఆ పుస్తకం తెరిస్తే చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ కీర్తనకారుల్లో పెద్దాయన పురుషోత్తమ చౌదరి (1803–1890). పుట్టింది బెంగాలీ కుటుంబంలో. అయినా తెలుగువారి కోసం తెలుగులో, కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు.

"దేవుడు గొంతు ఇచ్చాడు, పిలుపు ఉన్నట్టే" అని మనలో చాలామంది అంటుంటారు. గొంతు వేరు, పిలుపు వేరు. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 25వ అధ్యాయం చూడండి. దావీదు ఏర్పరచిన మందిర గాయకులు 288 మంది. 24 వరుసలు, వరుసకు 12 మంది. అందరూ నేర్చుకుని ప్రవీణులైనవారే. వంతులు మాత్రం చీట్లు వేసి నిర్ణయించారు. గురువని, శిష్యుడని చూడలేదు! అంటే సాధన అందరికీ తప్పదు, ముందు వరుస మాత్రం ఎవరి సొత్తూ కాదు.

ఇది మాకు ఆలస్యంగా అర్థమైంది. హాస్టల్లో ఉండగా ఒక క్రిస్మస్‌కు పక్క పల్లెలో పాడటానికి వెళ్ళాం. కీబోర్డు అద్దెకు తెచ్చి, పాత కీర్తనను సినిమా దరువులోకి మార్చాం. కుర్రవాళ్ళు ఈలలు వేశారు. ముందు కూర్చున్న అవ్వలు అందుకోబోయారు, అందలేదు, ఊరుకున్నారు. పాట వాళ్ళది, మేము లాక్కున్నాం. మరుసటి ఏడు కంజిర, తాళాలతోనే పాడాం. ఒక అవ్వ మాకు రాని చరణం కూడా అందించింది.

బాధ్యత పాడేవారి ఒక్కరిదే కాదు. నెహెమ్యా 13వ అధ్యాయంలో గాయకులు తమ భాగం అందక పొలాలకు వెళ్ళిపోతారు. నెహెమ్యా నిలదీసింది అధికారులను, గాయకులను కాదు. తెల్లవార్లూ పాడించుకుని బస్సు ఛార్జీ కూడా ఇవ్వని సభలు మేమూ చూశాం. ఆమోసు ప్రవక్తైతే న్యాయం లేనిచోట పాటల మోత దేవుడికే అక్కరలేదన్నాడు.

పరీక్షల నెలలో పాడటానికి రమ్మంటే, పరీక్షలయ్యాక వస్తామని చెప్పండి. మేము ఆ మాట చెప్పలేకపోయాం. మాలో ఇద్దరికి ఆ ఏడు లెక్కలు పోయాయి.