ఎడమ కాలి పాఠం



పోయిన నెల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మనం ఓడిపోయింది మీకందరికీ తెలుసు. గోలు ముందర బంతి నా ఎడమ కాలి కాడికి వచ్చింది. దాన్ని కుడికాలికి మళ్ళించుకునే లోపల అవతలి పిల్లోడు తన్నేసినాడు. ఆ రాత్రి అన్నాల కాడ నాకు "ఒంటికాలు" అని పేరు పెట్టినారు. ఇంక గ్రౌండుకు పోకూడదు అనుకున్నాను. అప్పుడు ఆటల సారు నన్ను పిలిచి ఒక పెద్దమనిషి గురించి చెప్పినారు. ఈసారి గోడపత్రికలో ఆ పాఠమే రాస్తున్నాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడినారు. తరువాత బడిపంతులు అయినారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చదివి పిల్లలకు ఆటలు నేర్పినారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

రహీం సారు ఎట్లా నేర్పేవారు? ఆయన ఒక వింత పోటీ పెట్టేవారు. అందులో బలం లేని కాలితోనే బంతిని తన్నాల. ఇది తమాషా కోసం కాదు. ఒక కాలితోనే ఆడేవాడు ఏ పక్కకు తిరుగుతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్ళూ వస్తే బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి అందించొచ్చు. నేను ఓడింది ఆ ఒక్క క్షణం దగ్గరే.

ఆయన కూడా ఓటమి చూసినారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. రహీం సారు పని మానుకోలేదు. నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్‌కు పోయినారు. నాలుగో స్థానం వచ్చింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినాము. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. రహీం సారు అతన్ని ఇంటికి పంపలేదు, ముందు వరుసలో పెట్టినారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియంలో జనం మనకు వ్యతిరేకంగా అరిచినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టినారు. 2-1తో గెలిచినాము. అప్పటికే రహీం సారుకు క్యాన్సర్ జబ్బు. 1963 జూన్ 11న చనిపోయినారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు.

దీనివల్ల మనకు తెలిసేదేమంటే, మంచి కోచ్ బాగా ఆడేవాణ్ణి మాత్రమే ఏరుకోడు. ఆడలేని కాలికి కూడా పని చెప్తాడు. మన హాస్టల్‌లో ఏం జరుగుతోంది? జట్టు పంచుకునేటప్పుడు చిన్న తరగతుల పిల్లలు గట్టున కూర్చోవాల్సిందే. బంతి బయటికి పోతే తెచ్చిచ్చేదానికే వాళ్ళు. వాళ్ళు మన ఎడమ కాళ్ళు కాదా?

వార్డెన్ సార్లకు నా మనవి. ఆదివారం సాయంత్రం అరగంట సేపు ఒక బంతి ఇప్పించండి. ఎడమ కాలి పోటీ పెట్టుకుంటాము. ప్రతి జట్టులోనూ సగం మంది చిన్నపిల్లలు ఉండాల. నేను 20 దినాలుగా తెల్లవారి స్నానాల గది వెనక గోడకు ఎడమ కాలితో తంతున్నాను. 10లో 4 నేరుగా పోతున్నాయి.

ఆలోచించండి: మీ ఎడమ కాలు ఏది? లెక్కలా, ఇంగ్లీషా, నలుగురిలో మాట్లాడేదా?

ఇట్లు,
మీ ఒంటికాలు,
8వ తరగతి, నిమ్మనపల్లె