గోడ కూడ గురువే

శిశు తరగతిలో అడుగుపెట్టిన బిడ్డ పుస్తకము కంటె ముందు గోడను చూచును. అక్షరము రాని వయస్సులో బొమ్మయే తొలి పాఠము. ఈ సత్యమును గ్రహించియే కొమీనియస్ అను చెక్ విద్యావేత్త 1658లో బాలల కొరకు బొమ్మల పాఠ్యపుస్తకమును ప్రచురించెను. 1980వ దశకములో బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు చేసిన పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరముగా తీర్చుటను తన ఆరు బోధనా సూత్రములలో ఒకటిగా నిలిపెను. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమములో పాఠశాలలకు రంగులు వేయుట కూడ ఒక అంశము.

అయితే రంగు వేసినంత మాత్రమున గోడ గురువగునా?

కొన్నేండ్ల క్రిందట ఒక ఫిబ్రవరి నెలలో నేనొక గ్రామ పాఠశాలకు వెళ్లితిని. గోడల నిండ బొమ్మలు ముచ్చటగా ఉన్నవి. మిరపకోతలకు వలస వచ్చిన కూలీల బిడ్డ ఒకతె మూలగా కూర్చుండి ఉన్నది. “నీ బొమ్మ ఏదమ్మా?” అని అడిగితిని. “అవన్నీ వాళ్లవి సార్. నేను ఇప్పుడే వచ్చినాను” అని ఆ పాప తల వంచుకొన్నది. ఆ మాట నాకు పాఠమైనది. అప్పటినుండి గోడను గూర్చి నేను నేర్చుకొన్న నాలుగు విషయములను విద్యార్థి మిత్రులకు మనవి చేయుచున్నాను.

మొదటిది ఎత్తు. ఐదేండ్ల పిల్లవాడు సుమారు మూడున్నర అడుగులుండును. నేలపై కూర్చుండినచో వాని చూపు ఇంకను క్రిందికి దిగును. కావున ప్రదర్శన నేలనుండి ఒకటిన్నర అడుగు మొదలు నాలుగడుగుల లోపల ఉండవలెను. పాత గోనెసంచిని విప్పి, ఉతికి, గోడకు బిగించినచో చక్కని పలక అగును. దానిపై కాగితములను దారముతో కుట్టవలెను. పసివారి చేతికందు చోట గుండుసూదులు పనికిరావు.

రెండవది విషయము. మన పొలములే మన పాఠములు. పండ్రెండు గడుల నెలల పట్టిక గీసి, ఆ నెలలో పిల్లలు చూచినదానిని వారిచేతనే గీయింపవలెను. వానాకాలములో మిరప నారు, శీతకాలములో విచ్చిన పత్తికాయ, వేసవి ముంగిట కల్లములలో ఎఱ్ఱని రాసులు. దూదిని అంటింపవచ్చును. ఎండుమిరపను మాత్రము బొమ్మగానే చూపవలెను. ఆ ఘాటు చేతినుండి కంటికి చేరును.

మూడవది లిపి. తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి నడచును. విత్తు, మొక్క, కాయ, దూది అను నాలుగు బొమ్మల కథను ఉర్దూ గదిలో కుడివైపునుండి వరుసగా పెట్టవలెను. లేనిచో ఆ పిల్లలకు దూది ముందు, విత్తు వెనుక అగును. అంకెలు మాత్రము ఉర్దూలోను ఎడమనుండియే వ్రాయబడును. ఈ భేదమును గోడయే చూపగలదు. ‘మిర్చి’ అను మాట రెండు భాషల పిల్లలకును తెలిసినదే. ఆ ఒక్క బొమ్మ క్రింద రెండు లిపులను కలిపి వ్రాయుడు.

నాలుగవది మార్పు. నెలకొకమారైనను పాతవానిని తీసి క్రొత్తవానిని పెట్టవలెను. తీసినవానిని పారవేయక, కుట్టి పుస్తకముగా చేసినచో అదియే తరగతి గ్రంథాలయమగును. బాగుగా గీసినవారివి మాత్రమే కాక, ప్రతి బిడ్డ పనికిని ఒక గడి ఉండవలెను.

మన కళాశాల కమిటీ పెద్దలు కాగితములకు, రంగులకు స్వల్ప మొత్తము కేటాయించినచో, మన విద్యార్థులు నెలకొక శనివారము సమీపములోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లి ఈ పనికి చేయూత నీయగలరు. ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశింపగోరువారికి ఇంతకంటె మంచి అభ్యాసము లేదు.

ఒక్క మనవి. ఏ గోడనైనను పూర్తిగా నింపకుడు. నడుమ ఒక గడిని ఖాళీగా ఉంచుడు. జనవరిలోనో ఫిబ్రవరిలోనో తల్లి కొంగు పట్టుకొని వచ్చు బిడ్డ పేరు అందులో వ్రాయవలసియున్నది.